ఖోస్లా, ఒమిడ్యార్: బయటపడిన తీరు

సన్ మైక్రోసిస్టమ్స్‌ను 1982లో స్థాపించినవారిలో వినోద్ ఖోస్లా ఒకరు. 1995లో ఈబేకు పునాది వేసింది పియర్ ఒమిడ్యార్. వాళ్ల మదుపు సంస్థలు ఖోస్లా వెంచర్స్, ఒమిడ్యార్ నెట్‌వర్క్ రెండూ 2004లోనే మొదలయ్యాయి. పోలిక అక్కడితో సరి.

ఢిల్లీ ఐఐటీ ముగించాక ఖోస్లా ఫ్రిజ్ లేని ఇళ్లకు సోయా పాలు అమ్మాలని చూసి చేతులు కాల్చుకున్నారు. ఆయన దృష్టిలో పేదవాడు కొనుగోలుదారుడే తప్ప దానం పుచ్చుకునేవాడు కాదు. నాకిది గౌరవమైన చూపుగానే కనిపిస్తుంది, కొంతదూరం వరకు. ఒమిడ్యార్ సైట్లో మొదట అమ్ముడైనది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరినొకరు నమ్ముతారన్నది ఆయన ధీమా. ఆయన సంస్థ వాటాలూ కొంటుంది, గ్రాంట్లూ ఇస్తుంది. 2005లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి 10 కోట్ల డాలర్లిచ్చి, వాటిని పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌లోనే పెట్టాలన్నారు.

ఈ సిద్ధాంతాల నిగ్గు తేల్చింది మన మెదక్. విక్రమ్ ఆకుల 1990ల చివర్లో అక్కడ స్వచ్ఛంద సంస్థగా మొదలుపెట్టిన మైక్రోఫైనాన్స్ సంస్థ ఎస్‌కేఎస్, తర్వాత కంపెనీ అయింది. ఖోస్లా అందులో డబ్బు పెట్టారు. ఐదుగురు ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ, వారం వారం కిస్తీ: ఆ పూచీయే సంస్థ అసలు ఆస్తి. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయల ధరతో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అప్పు తీసుకున్న సభ్యుల పేరిట ట్రస్టులకు వాటాలుండేవి, నిజమే. వాటి పగ్గాలు మాత్రం సంఘంలో చాప మీద కూర్చున్నవాళ్ల చేతుల్లో లేవు. వచ్చిన లాభాన్ని మళ్లీ పేదలకు పనికొచ్చే వ్యాపారాల్లోనే పెడతానని ఖోస్లా అన్నారు. అదే ఏడాది అక్టోబరులో, అప్పులవాళ్ల వేధింపుల మీద, ఆత్మహత్యల మీద గగ్గోలు రేగి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. గడప దగ్గర వసూళ్లు కుదరవు, కిస్తీ పంచాయతీ ఆఫీసు దగ్గర కట్టించుకోవాలంది. వసూళ్లు కుప్పకూలాయి. లాభం కోసం వచ్చిన డబ్బు సంస్థను ఎంత వేగంగా పెంచిందో, అప్పు తీసుకున్నామె మీద ఒత్తిడినీ అంతే పెంచింది. ఇందులో ఖోస్లాను తప్పించే దారి నాకు కనిపించదు.

అలాగని ఒమిడ్యార్‌ను పీఠం మీద కూర్చోబెట్టలేను. పదేళ్లకు పైగా భారత్‌లో మదుపు చేసిన ఆయన సంస్థ, ఇక్కడి పని ముగిస్తున్నామని 2023 డిసెంబరులో ప్రకటించింది. ఆయన చేయి మెత్తనిదే. కొళాయి కట్టేసిందీ ఆ చేయే.

ఎస్‌కేఎస్ మాత్రం బతికింది. 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్‌గా పేరు మార్చుకుని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసింది. గ్రాంటు మీద నడిచే సంస్థకు ఆ వెసులుబాటు లేదు. ఇచ్చేవాడు లేచిపోతే దాన్ని కొనేవాడుండడు.