గాయపడిన మృగము – వేటకథలు, ధర్మము, చట్టము

గాయపడి, ప్రాణము పోక, కోలుకొను ఆశయు లేక బాధపడుచున్న అడవిమృగమును చంపివేయుట దయ యగునా, హింస యగునా? దయయే యైనచో ఆ దయ చూపు అధికారము ఎవరిది? ఈ ప్రశ్న మన ఇతిహాసములలో కలదు. మన ప్రాంతపు అడవులను గూర్చి ఆంగ్లమున వెలువడిన వేటకథలలో కలదు. నేడు అమలులో నున్న చట్టములోను కలదు. ఇతిహాసమును పుణ్యమునకును, వేటకథలను వినోదమునకును, చట్టమును వ్యాజ్యము వచ్చినప్పుడును చదువుట మనకు అలవాటు. ఈ మూడింటిని ఒక్క ప్రశ్నకై ప్రక్కప్రక్కన నుంచి చదువవలెనని మా సంకల్పము.

హొసూరు, డెంకణికోట ప్రాంతములలో తరతరములుగా స్థిరపడి, ఇంట తెలుగును, వీథిలో తమిళమును కన్నడమును మాటాడుకొనుచున్న కుటుంబములకు ఇది కేవలము సాహిత్యచర్చ కాదు. పెక్కు గ్రామములలో రాగిచేను గట్టు దాటినచో అడవియే. జవుళగిరి, అంచెట్టి ప్రాంతపు అడవులు 2014 లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యములో చేరినవి. ఆ అడవులే ఒకప్పుడు వేటకథలకు రంగస్థలములు.

ముందుగా రామాయణము. అయోధ్యాకాండలో దశరథుడు అవసానకాలమున కౌసల్యకు చెప్పిన పూర్వవృత్తాంతము అందరు ఎరిగినదే. యువకుడుగా నున్నప్పుడు సరయూతీరమున, చీకటిలో, కుండ నిండుచున్న చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, శబ్దవేధి బాణము వేసెను. అది మునికుమారునకు తగిలెను. కథ చెప్పువారు ఇచటినుండి వృద్ధదంపతుల శాపమునకు తొందరగా సాగిపోవుదురు. నడుమనున్న ఘట్టమే మాకు ముఖ్యముగా తోచినది. బాణము దేహమున నాటుకొన్నది. తీసినచో ప్రాణము పోవును. తీయకున్న బాధ ఆగదు. దశరథుడు ఏమి చేయుటకును తోచక నిలిచెను. తీయుమని బాలుడే కోరెను. అటుపిమ్మటనే దానిని పెరికెను.

ఇందు మూడు ధర్మములు కలవు. కొట్టినవాడు తన బాణము ఎవరికి తగిలెనో చూచుటకు తానే నడచి వచ్చెను. ప్రాణము తీయు నిర్ణయమును తానొక్కడే చేయక, బాధపడువాని మాటకై ఆగెను. చేసినదానిని దాచక, ఆ కుండతోనే తల్లిదండ్రుల యొద్దకు పోయి తన నోటితో చెప్పెను. కాళిదాసు రఘువంశము తొమ్మిదవ సర్గలో ఈ కథనే చెప్పుచు, అడవియేనుగును చంపుట రాజులకు నిషిద్ధమను మాటను గుర్తుచేసెను. అనగా తప్పు గురి తప్పుటతో కాక, విల్లు ఎత్తుటతోనే ప్రారంభమైనదన్నమాట.

భారతము ఆదిపర్వములో పాండురాజు, కూడియున్న జింకల జంటను కొట్టెను. మృగరూపమున నున్నవాడు కిందముడను ముని. కూలిన మృగము మానవవాక్కుతో రాజును నిలదీసినది. రాజులకు వేట ధర్మమేయని, అగస్త్యుడంతటివాడును మృగములను వేటాడెనని పాండురాజు సమాధానము. మృగము వేటను తప్పుపట్టలేదు. కొట్టిన సమయమును, చూపిన నిర్దయను తప్పుపట్టినది. వేటాడు హక్కు గలవాడును రీతికి బద్ధుడని తాత్పర్యము. మన కవులు దెబ్బతిన్న మృగమునకు నోరిచ్చిరి. ఈ విశేషమును మనసులో నుంచుకొని వేటకథలకు వత్తము.

జిమ్ కార్బెట్ రచించిన ‘మేన్ ఈటర్స్ ఆఫ్ కుమాయూన్’ 1944 లో వెలువడినది. పులి నరభక్షకి యగుటకు గాయము ఒక ముఖ్యకారణమని, ఆ గాయము తరచుగా అజాగ్రత్తగా కాల్చిన తుపాకిదెబ్బయు, దెబ్బతిన్న మృగమును వెంబడింపక విడిచిపెట్టుటయు వలన కలుగునని ఆయన గ్రంథారంభముననే చెప్పెను. 1907 లో ఆయన చంపిన చంపావతి ఆడపులి 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. దాని కుడివైపు కోరపండ్లలో పైది సగమునకు, క్రిందిది ఎముక వరకు విరిగియున్నవి. అది పాత తుపాకిగుండు పని. ఎవడో ఒకడు ఒక్క గుండు వేసి ఇంటికి పోయెను. ఆ గుండు వెల వందల కుటుంబములు చెల్లించినవి. వారిలో పెక్కురు జన్మలో తుపాకి పట్టనివారు. గడ్డి కోయువారు, కట్టెలు ఏరుకొను స్త్రీలు.

మనకు మరింత చేరువవాడు కెన్నెత్ ఆండర్సన్. 1910 లో సికిందరాబాదు చేరువనున్న బొల్లారమున పుట్టి, బెంగుళూరున జీవించి, 1974 లో గతించెను. 1954 లో వచ్చిన ఆయన తొలి గ్రంథము ‘నైన్ మేన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్’ తెరచినచో జవుళగిరి, గుమ్మళాపురము మొదలగు మన ఊళ్ల పేళ్లే కనబడును. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయయు కలదు. ఆయన కథలలోను గాయపడి తప్పించుకొన్న మృగము తరువాత మనుష్యులపై పడుట పదేపదే వచ్చును.

ఈ రచయితలిద్దరు ఒక నియమమును గట్టిగా పాటించిరి. గాయపరచినవాడు నెత్తుటి జాడ పట్టి, కాలినడకను, ప్రాణమునకు తెగించి పోయి, మృగమును కనుగొని దాని బాధను ముగింపవలెను. చీకటి పడినదని, పొద ముందు భయము వేసినదని ఆ పనిని ఇతరులపై వేయరాదు. ఇది మెచ్చదగిన నియమము; దశరథుడు నడచి వచ్చిన నడకకు ఇది దూరపు చుట్టము. నాటి వేటగాండ్రందరు దీనిని పాటించినచో నరభక్షకుల కథలు ఇన్ని పుట్టియుండెడివి కావు.

అయినను విమర్శింపక తప్పని విషయము ఒకటి కలదు. ఈ కథలలో వెంబడించుట ఋణము తీర్చుటగా మొదలై, ధైర్యపరీక్షగా ముగియును. పొద ముందు నిలిచిన వేటగాని గుండెదడ పుటలకొలది సాగును. పొద లోపలి మృగము బాధ రెండు పంక్తులలో తేలిపోవును. మొదట గాయపరచి పట్టణమునకు మరలిన పెద్దమనిషిపై కథకుడు ఒకటి రెండు మాటలు విసరి ఊరకుండును. అన్నిటికంటె ముఖ్యమైనది, చంపినవాడును, చంపుట న్యాయమని తీర్పు చెప్పువాడును, ఆ కథను వ్రాసినవాడును ఒక్కడే. ఆ మృగము నిజముగా కోలుకొనలేనిదా యని అడుగుటకు రెండవ మనిషి అచట లేడు. నోరులేని మృగము పక్షమున మాటాడువాడు ఒకడు ఉండవలెనను తలపు ఈ గ్రంథములలో బలముగా లేదు. ఇది ఆ రచయితల దుర్బుద్ధి వలన కలిగినది కాదు. ఆ కాలపు ఏర్పాటే అట్టిది. మద్రాసు ప్రభుత్వము 1873 లోను, భారత ప్రభుత్వము 1879 లోను అడవియేనుగుల రక్షణకు చట్టములు చేసినవి. తక్కిన మృగములకు అంతటి రక్షణ చాలకాలము కొఱవడినది.

1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. తొలుత కొన్ని జంతువుల వేటకు అందు లైసెన్సులు ఉండెను. 1991 సవరణతో అవి పోయినవి. ఈ చట్టములో వేట యనగా తుపాకితో కాల్చుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, గాయపరచుట, అందులకు ప్రయత్నించుటయు వేటయే. పదునొకండవ సెక్షనులో మన ప్రశ్నకు నేరుగా సమాధానము కలదు. పులి, చిరుత, ఏనుగు మొదలగు మొదటి షెడ్యూలు జంతువు మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనను, కోలుకొనలేనంతగా అవిటిదియో రోగగ్రస్తమో యైనను, రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు కారణములు తెలుపుచు వ్రాతమూలకమైన ఉత్తరువు ఇచ్చిననే దానిని చంపవచ్చును. పట్టుటకును, మత్తుమందిచ్చుటకును, వేరుచోటికి తరలించుటకును వీలు లేదని ఆయనకు తృప్తి కలుగవలెను. ఈ అధికారమును క్రింది ఉద్యోగికి అప్పగించుటకును వీలులేదని అయిదవ సెక్షను చెప్పుచున్నది. రెండవ షెడ్యూలు జంతువుల విషయమున ఆయన గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని ఉత్తరువు ఇయ్యవచ్చును. పంటలకు కలుగు అపాయమును కూడ అచట లెక్కలోనికి తీసికొందురు.

తన ప్రాణమునకో ఇతరుల ప్రాణమునకో అపాయము వచ్చినప్పుడు సద్బుద్ధితో చంపుట నేరము కాదు. దయచేత చంపితినని చెప్పుకొను ప్రైవేటు మనిషికి మాత్రము ఈ సెక్షనులో చోటు లేదు. దయగలవానిని చట్టము నమ్మకపోవుట మొదట కఠినముగా తోచును. కచేరీలో దస్త్రములు చూచిన మావంటి గుమాస్తాలకు ఇందలి వివేకము సులభముగా బోధపడును. చంపిన పిమ్మట కథ వ్రాయుట వేరు. చంపకముందు కారణము వ్రాసి క్రింద సంతకము చేయుట వేరు. కథలో కోపము దయగా మారును, తొందరపాటు ధైర్యముగా మారును. ముందుగా కారణము వ్రాయవలసినవాడు పశువైద్యుని అడుగును, రేంజరును అడుగును, ‘కోలుకొనలేనిది’ అను మాట వ్రాయుటకు ముందు కలము ఆపును. ఆ ఆగుటయే మృగమునకు చట్టమిచ్చిన నోరు.

ఈ మాటను నిర్ణయించుట ఎంత కష్టమో రెండు ఉదాహరణములు చాలును. నీలగిరి అడవులలో రివాల్డో అను ఏనుగు తొండము కొన తెగి, శ్వాసకు కష్టపడుచు, ఊళ్ల చేరువన తిరుగుచుండెను. తొండము తెగిన ఏనుగు బ్రతుకదని దారినపోవువాడు తీర్పు చెప్పును. అది సంవత్సరముల తరబడి బ్రతికినది. 2021 మే నెలలో పట్టి చికిత్స చేసి, ఆగస్టులో మరల అడవిలో విడిచిరి. ఇక 2020 లో కేరళలోని పాలక్కాడు జిల్లాలో నోట పేలుడుపదార్థము పగిలిన చూడియేనుగు, మేత తినలేక, వెళ్లియార్ నదిలో నీట నోరు ముంచి నిలిచి, మే 27 న అచటనే మరణించినది. కుమ్కీ ఏనుగులను రప్పించినను ఫలము లేకపోయెను. ఇట్టిచోట ముగింపు ఇచ్చియుండిన దయ యగునా యను ప్రశ్నను మేము త్రోసివేయజాలము. ఆలస్యమును సమర్థించుటయు మా మతము కాదు. ఉత్తరువు నిమిషములలో పంపుటకు నేడు సాధనములు కలవు. కావలసినది అధికారమును దిగువకు పంచుట కాదు. అడవియంచున పశువైద్యుడు ఉండుట, ఆయన అభిప్రాయము ఆనాడే పై కచేరీకి చేరుట.

ఆ పేలుడుపదార్థమును గూర్చి ఒక మాట. చేనికి పందులు రాకుండ పండులో మందుగుండు పెట్టువాడును, ఉచ్చు పన్నువాడును, కంచెకు దొంగతనముగా కరెంటు ఇచ్చువాడును వేయునది శబ్దవేధి బాణమే. దేనికి తగులునో చూడకయే విడిచెదరు. పందికి పన్నినది చిరుతకు తగులును, మేతకు పోయిన ఆవునకు తగులును, ఒక్కొక్కప్పుడు ప్రక్కయింటి బిడ్డకును తగులును. పైగా దశరథుడు నడచి వచ్చెను, వీరు రారు. ఉచ్చులో చిక్కి రెచ్చిపోయిన చిరుతను చంపి ఆత్మరక్షణ మనువానిని చట్టము కాపాడదు. రక్షణ అవసరమైన సమయమున తానే చట్టమును ఉల్లంఘించుచున్నవానికి ఆ మినహాయింపు లేదని స్పష్టముగా వ్రాసియున్నారు. మొదటి షెడ్యూలు జంతువు విషయమున శిక్ష మూడేండ్లకు తగ్గదు. ఏడేండ్ల వరకు ఉండవచ్చును. ఒక్క రాత్రిలో ఏనుగులు రాగిచేను త్రొక్కిన రైతు కడుపుమంట మాకు తెలియనిది కాదు. దానికి మార్గము నష్టపరిహారమునకై కలిసి పోరాడుట గాని, చీకటిలో బాణము వేయుట గాదు.

ఇంకొకటి మన యువకులతో చెప్పవలసియున్నది. రాత్రివేళ రహదారిపై బండి తగిలి నడుము విరిగిన జింకను చూచి, దాని బాధ చూడలేకపోతిమని రాతితో కొట్టి చంపుదురు. తెల్లవారునప్పటికి మాంసము పాళ్లు వేసికొందురు. కుండలో ఉడుకు దయను దయ యనరాదు. చచ్చినను, బ్రతికినను ఆ జింక ప్రభుత్వపు సొత్తు. అట్టిది చేతికి వచ్చినచో 48 గంటలలోపల పోలీసుఠాణాలోనో, అధికారమున్న ఉద్యోగికో తెలుపవలెనని ముప్పది తొమ్మిదవ సెక్షను విధించుచున్నది. చేయదగినది కొంచెమే: అటవీశాఖకు వెంటనే కబురు పంపుట, జనమును దూరముగా నిలుపుట, కేకలును దీపములును ఆపుట. జింకజాతి భయముచేతనే ప్రాణము విడుచునది; మన గుంపే దానికి రెండవ దెబ్బ.

వేటకథలను చదువవద్దని మేము చెప్పము. మన అడవుల చిత్రములు, నాటి పల్లెల బ్రతుకు అందు పదిలముగా నున్నవి. కాని వానిని అయోధ్యాకాండకును, పదునొకండవ సెక్షనుకును నడుమనుంచి చదువవలెను. గాయము చేసినవాడు దానికి బాధ్యుడని వేటగాండ్రు నేర్పిరి. బాధపడుదానిని అడుగక ప్రాణము తీయరాదని ఇతిహాసము నేర్పినది. అడుగుటకు నోరులేని దానికై ఒకరు కారణము వ్రాసి సంతకము చేయవలెనని చట్టము నేర్పినది. ఈ మూడింటిలో మనకు సాధ్యమైనది మొదటిదానికంటె ముందున్నది: గాయము చేయకుండుట.