‘వాతెఱ’ పదవ్యుత్పత్తి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగు కావ్యభాషలో పెదవికి మోవి, వాతెఱ, ఔడు, అధరము, ఓష్ఠము మొదలైన పర్యాయపదాలున్నాయి. ప్రతిపదార్థాలలో వీటన్నిటికీ ‘పెదవి’ అనే ఒకే అర్థం రాయడం పరిపాటి. అయితే ఇవి పుట్టుకలోనూ ప్రయోగంలోనూ ఒకటి కావు. అధర శబ్దానికి మూలార్థం ‘క్రిందిది’. అది కింది పెదవికి పేరై, తరువాత పెదవి అనే సామాన్యార్థాన్ని పొందింది. ఔడు ‘ఔడుగఱచు’ అనే పలుకుబడి ద్వారా కోపావేశంతో ముడిపడింది. వీటిలో వాతెఱ వ్యుత్పత్తి ప్రత్యేక చర్చకు తగినది.

పూర్వపదం:

ఇందులోని ‘వా’ నోరు అనే అర్థంగల ‘వాయి’ శబ్దరూపం. తమిళంలోని వాయ్, కన్నడంలోని బాయి దీనికి సోదరపదాలు. నేటి వ్యవహారంలో దీని స్థానాన్ని ‘నోరు’ ఆక్రమించినా, వాకొను, వాపోవు, వాకట్టు వంటి పదాల్లో ఇది నిలిచే ఉంది. పత్రికలు నిత్యం వాడే ‘మృత్యువాత పడు’లోని ‘వాత’ కూడా ‘నోట’ అనే అర్థంలో దీని రూపమే. కనుక పూర్వపదం విషయంలో సందేహానికి తావు లేదు.

ఉత్తరపదం:

చిక్కంతా ఉత్తరపదంలో ఉంది. ‘నోటికి తెర వంటిది వాతెర’ అనే వివరణ అందమైనది, బోధనకు అనువైనది. అమరకోశంలోని రదనచ్ఛదం, దశనవాసస్సు అనే పర్యాయాలు దీనికి బలమిస్తున్నట్లు కనిపిస్తాయి. కానీ ఆ సంస్కృత పదాలు పెదవిని దంతాలకు కప్పుగా చెబుతున్నాయి. తెలుగు పదం నోటిని ఆధారం చేసుకొంది. కేవలం భావసామ్యాన్ని బట్టి దీన్ని సంస్కృతానికి అనువాదమనలేం.

అంతకన్న ముఖ్యమైనది రేఫ భేదం. యవనిక అనే అర్థంగల ‘తెర’లో ఉన్నది సాధురేఫ, తమిళ ‘తిరై’, కన్నడ ‘తెరె’ ఇందుకు సాక్ష్యం. ‘తెఱచు’ ధాతువులో ఉన్నది శకటరేఫ. దీనికి తమిళ ‘తిఱ’ సోదరరూపం. అంటే శకటరేఫతో ‘వాతెఱ’ అని రాస్తూ దానికి ‘నోటి తెర’ అని వ్యుత్పత్తి చెప్పడం పొసగదు. ఆ రూపాన్ని అంగీకరిస్తే తెఱచు, తెఱపి అనే పదాల వరుసలో ‘నోటి తెఱపు’ అనే అర్థాన్నే గ్రహించాలి.

తెఱపు అనేది ఖాళీ, పెదవి అవయవం కదా అనే ఆక్షేపణ రావచ్చు. ఒక ఖాళీకి చెల్లే పేరు దానిని ఆనుకొన్న వస్తువుకో చోటుకో సంక్రమించడం భాషలో వింత కాదు. ద్వారాన్ని చెప్పే ‘వాకిలి’ ఇంటి ముందరి చోటును కూడా చెబుతోంది. నోటి తెఱపుకు పేరైన పదం ఆ తెఱపు అంచులైన పెదవులకు చెల్లడం అటువంటిదే.

ముగింపు:

రెండు రేఫలను ఒక్కటిగా ముద్రించే నేటి ప్రతులు ఈ విషయంలో ప్రమాణం కాజాలవు. రేఫ, శకటరేఫలకు ప్రాసమైత్రిని లాక్షణికులు సాధారణంగా అంగీకరించరు. కాబట్టి ఈ పదంలోని రేఫ ప్రాసస్థానంలో పడిన పద్యాలే తొలి ప్రమాణం, తాళపత్రప్రతుల లేఖనం ఆ తరువాతిది, అర్థరమ్యత చివరిది. సాధురేఫ స్థిరపడిన చోట తెర, శకటరేఫ స్థిరపడిన చోట తెఱపు అని చెప్పడమే శాస్త్రీయం. మూసే తెరకూ తెఱచే నోటికీ ఉన్న దూరం చిన్నది కాదు. అది ఒక్క రేఫపై ఆధారపడినప్పుడు, ప్రతిపదార్థంలో ‘పెదవి’ అని రాసి సాగిపోవడం పదానికీ పద్యానికీ అన్యాయమే అవుతుంది.