ఏడు సెకన్ల మర్యాద

పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు ఫోటోలు ఏరుతుంటే ఇంకొకరు రంగులు దిద్దుతుంటారు, మరొకరు పేజీలు అమరుస్తుంటారు. ఫైళ్ళన్నీ ఒక్కచోట ఉండి అందరికీ అందాలంటే ఫైల్ సర్వర్ కావాలి. మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా దాన్ని పెట్టుకోబోయేవాళ్ళు ముందు అడిగేది ఎన్ని టీబీ, ఎంత అవుతుంది అనే. ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతే, నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే ఇలాంటి ఫైల్ సర్వర్) కోసమని ప్రత్యేకంగా చేసిన హార్డ్ డిస్క్‌లోని పనితనం కంటికి ఆనదు.

మూత కింద జరిగేది చూడండి. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరిగే పళ్ళేల మీద, వాటిని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తున హెడ్ తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందమే దాదాపు 70,000 నానోమీటర్లు. ఇంతటి సున్నితమైన పనిలో ఎప్పుడో ఒకప్పుడు ఒక సెక్టార్ చదవడానికి మొరాయిస్తుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ దాన్ని ఎలాగైనా చదవాలని చాలాసేపు పట్టుబడుతుంది. ఒంటరి డిస్క్‌కు అది మంచి గుణమే, ఎందుకంటే ఆ డేటా ఇంకెక్కడా లేదు. ఒకే డేటాను జంట డిస్కుల్లో ఉంచే రెయిడ్‌లో మాత్రం ఆ మౌనం చూసి డిస్క్ పోయిందనుకుని కంట్రోలర్ దాన్ని పక్కన పెట్టేయవచ్చు. నాస్ డిస్క్ అలా కాదు. సుమారు 7 సెకన్లు ప్రయత్నించి, నావల్ల కాలేదని చెప్పేస్తుంది. వెంటనే జంట డిస్క్‌లోని కాపీ నుంచి ఫైలు అందుతుంది, చెడిన చోటును సర్వరే సరిచేసుకుంటుంది. పక్కన తోడు ఉందని తెలిసి మసలుకునే ఈ మర్యాదను ఫర్మ్‌వేర్‌లో రాసిన ఇంజినీర్లంటే నాకు ఎంతో గౌరవం.

అదురు సంగతీ అంతే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో అప్పట్లో పనిచేసిన బ్రెండన్ గ్రెగ్ 2008లో డిస్కుల వరుస ముందు నిలబడి గట్టిగా అరిచాడు. ఆ అరుపుకే డిస్కులు తడబడి జవాబు ఆలస్యం కావడం గ్రాఫ్‌లో కనిపించింది. పెద్ద కెపాసిటీ నాస్ డిస్కుల్లో అదురును పసిగట్టి హెడ్‌ను సర్దే సెన్సర్లు ఉంటాయి. రంపాలతో రాయి కోసే పలకల ఊరు మార్కాపురానికి ఇది చిన్న సంగతి కాదు. అలాగని సర్వర్‌ను రాయి కోసే షెడ్డు గోడకు ఆనించి పెట్టమని కాదు.

కొనేముందు తప్పక అడగాల్సింది ఒకటుంది: ట్రాకులు రాసే పద్ధతి సీఎంఆరా, ఎస్ఎంఆరా? సీఎంఆర్‌లో విడివిడిగా ఉండే ట్రాకులు ఎస్ఎంఆర్ డిస్క్‌లో ఇంటికప్పు మీద పేర్చిన పలకల్లా ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. కింది పలక మార్చాలంటే పైవాటిని కదిలించక తప్పదు. అందుకే పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి రెయిడ్‌ను తిరిగి నింపేటప్పుడు ఇవి బాగా నెమ్మదిస్తాయి. ‘రెడ్’ పేరుతో అమ్మే కొన్ని నాస్ డిస్కుల్లో ఈ ఎస్ఎంఆర్ పద్ధతే వాడామని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకుంది. ఆ తర్వాతే సీఎంఆర్ రకానికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టింది. డేటాషీట్‌లో సీఎంఆర్ అన్న మాట కనిపించేదాకా డబ్బు తీయకండి.

ఇక నెట్‌వర్క్ తీగల సంగతి. గిగాబిట్ లైను సెకనుకు 110 ఎంబీకి అటూ ఇటూగా మోస్తుంది. నేటి హార్డ్ డిస్క్ ఒక్కటే వరుసగా చదివితే అంతకంటే వేగంగా ఇస్తుంది. అంటే నలుగురు పనిచేసేచోట ఇరుకయ్యేది లైనే. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ ప్రమాణం పాత క్యాట్ 5ఈ తీగ మీదే 100 మీటర్ల దాకా నడుస్తుంది. గోడలు పగలగొట్టే పని లేకుండా స్విచ్, కార్డులు మారిస్తే చాలు. ఉన్న తీగను గౌరవించి చేసిన ఆ డిజైన్ కూడా గొప్పదే. తీగ మాత్రం అసలు రాగిదై ఉండాలి. కొనను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోవద్దు.

అయితే నలుగురూ నాలుగు చోట్ల ఫైళ్ళు తెరిస్తే హెడ్ అటూ ఇటూ పరుగెత్తక తప్పదు, అక్కడ ఎంత మంచి హార్డ్ డిస్కయినా డీలా పడుతుంది. జరుగుతున్న ఆల్బమ్ పనిని జంట ఎస్ఎస్‌డీల మీదికి, ముగిసినవాటిని హార్డ్ డిస్కుల మీదికి పంపడమే నా సలహా. కరెంటు పోగానే సర్వర్‌కు యూఎస్‌బీ ద్వారా కబురు చెప్పి, దాన్ని పద్ధతిగా ఆపించే యూపీఎస్ కూడా ఉండాలి. ఇన్వర్టర్ ఉంది కదా అని దీన్ని మానుకోవద్దు. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటే మార్కాపురం ప్రాంతంలో డిస్కుల ముందు ఫ్యాన్‌కు అడ్డు లేకుండా చూడండి, జాలీకి పట్టిన రాతిదుమ్ము దులపండి.

ఇంత చేసినా, పొరపాటున చెరిపిన ఫైలు జంట డిస్కుల్లో రెండింటి నుంచీ ఒకేసారి పోతుంది. కాబట్టి ఇంకో కాపీని వేరే డిస్క్ మీద, స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టుకోండి.