ముందు చక్రానికి గొడుగు

పాత బుల్లెట్‌కి సెంటర్ స్టాండ్ వేసి, నాలుగడుగులు వెనక్కి జరిగి, పక్క నుంచి చూడాలి. కొత్తగా చూసేవాళ్ళ కళ్ళు ట్యాంకు మీది బంగారు గీతల దగ్గరో, హెడ్‌లైటుకు అటూ ఇటూ ఉండే చిన్న టైగర్ ల్యాంపుల దగ్గరో ఆగుతాయి. చెయ్యి తిరిగిన మెకానిక్ కన్ను మాత్రం ముందు చక్రం మీద వాలుతుంది. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరుగా ఉంటే ఆ బండిని శ్రద్ధగా చూసుకున్నారని లెక్క. ఒకచోట వేలు, ఇంకోచోట గుప్పిలి పట్టేంత సందుంటే ఎక్కడో తేడా జరిగిందన్నమాట. బండి దేన్నైనా గుద్దుకుని ఉండాలి, లేదా ఎవరో చేతికందిన మడ్‌గార్డ్ తెచ్చి బిగించి ఉండాలి.

ఇంజను తిరగడానికి మడ్‌గార్డ్‌తో పనిలేదు. అందుకే పాత బండ్ల మరమ్మతులో దాని వంతు చివరికి వస్తుంది. ఇంజను పని కోసం నెలల తరబడి ఓపిక పట్టిన మనిషే మడ్‌గార్డ్‌ను ఐదు నిమిషాల్లో కొనేస్తాడు. ఎంతో ఖర్చుపెట్టి బాగుచేయించిన బండి చూపులకు ఎక్కడో తేడాగా అనిపించడానికి చాలాసార్లు ఆ ఐదు నిమిషాలే కారణం.

బుల్లెట్ విషయంలో ఈ తొందర పుట్టడానికి దాని చరిత్రే దారి తీసింది. స్వింగ్ ఆర్మ్ ఉన్న 350 బుల్లెట్ ఇంగ్లండులో 1949లో అమ్మకానికి వచ్చింది. భారత సైన్యం కోసం 1950ల తొలినాళ్ళలో వందలాది బండ్లకు ఆర్డరు వెళ్ళింది. 1955లో ఇంగ్లండులోని తయారీ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటుచేసింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెప్పించి బిగించారు, తర్వాత అన్నీ ఇక్కడే తయారుచేశారు. ఇంగ్లండు కంపెనీ 1970 నాటికి మూతపడినా, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఆ 346 సీసీ బండి ఇక్కడ కొత్త శతాబ్దంలోకి కూడా వచ్చింది. అర్ధ శతాబ్దం పాటు దాదాపు ఒకే రూపం. కాబట్టి చెన్నై పుదుపేటలోనైనా, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ‘బుల్లెట్ ముందు మడ్‌గార్డ్’ అని అడిగితే కొట్టులోవాళ్ళు వెంటనే ఒకటి తీసిస్తారు. అదీ దాదాపు సరిపోతుంది. చిక్కంతా ఆ ‘దాదాపు’లోనే ఉంది.

కొట్టుకు వెళ్ళేలోపు తేల్చుకోవలసింది ఒకటుంది. పాత మడ్‌గార్డ్ నిజంగా పనికిరాకుండా పోయిందా? పోయిందని నమ్మి పాత ఇనప సామాన్లవాడికి వేసేసిన రేకుల్లో బతికించదగ్గవి చాలానే ఉంటాయి. బండి మీంచి విప్పి, లోపలి మట్టి అంతా గీకి, కడిగి, ఎండకు ఎత్తిపట్టి చూడాలి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఆ మేర రేకును తుప్పు తినేసినట్టే. తర్వాత గోటితో గానీ, స్క్రూడ్రైవర్ పిడితో గానీ పొడవునా తట్టుకుంటూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. లప్పం దట్టంగా పెట్టిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం తీరకపోతే పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని రేకు మీద జరిపి చూడాలి. అది గట్టిగా పట్టుకున్న చోట ఇనుముంది. జారిపోయిన చోట రంగు కింద లప్పమే ఉంది.

తుప్పు ముఖ్యంగా రెండుచోట్ల మొదలవుతుంది. మొదటిది అంచు. మడ్‌గార్డ్ అంచును లోపలికి మడిచి గుండ్రంగా చుడతారు. రేకుకు బిగువు వచ్చేది ఆ మడతతోనే, కానీ నీళ్ళు చేరి ఆరకుండా నిలిచేదీ అందులోనే. పైన రంగు నిగనిగలాడుతుంటే లోపల మడత పొడిపొడిగా రాలిపోతుంటుంది. రెండోది, మడ్‌గార్డ్‌ను పట్టి ఉంచే కడ్డీలు రేకును కలిసే బోల్టుల చుట్టూ. ఒక్క పెద్ద పిస్టను కొట్టే దడకు ఆ రంధ్రాల దగ్గర వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. వాటిలోకి నీళ్ళు దిగుతాయి.

రేకు మొత్తం జల్లెడ కానంత వరకూ ఈ రెండు జబ్బులకూ మందుంది. ఆ మందు టింకరింగ్ మేస్త్రి చేతిలో ఉంటుంది. లారీ బాడీలకు పేరుపడ్డ ఆటోనగర్‌లాంటి చోట్ల ఈ పని తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో చూసి నేర్చుకున్నదే. పనిముట్లు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: రెండు మూడు రకాల సుత్తులు, ఒక కొయ్య సుత్తి, ఇసుక నింపిన సంచి, అరచేతిలో ఇమిడే డాలీ అనే ఇనప దిమ్మ, ఆకురాళ్ళు, గ్యాస్ మంట.

సొట్ట తీయడమంటే లోపలి నుంచి కొట్టి పైకి లేపడమేనని చాలామంది అనుకుంటారు. సొట్ట పడినప్పుడే రేకు కొంత సాగిపోతుంది. కొట్టి సాపు చేసినా, సాగిన రేకుకు ఉన్న చోటు చాలదు. బొటనవేలితో నొక్కితే టప్పున లోపలికి పోతుంది, వదిలితే బయటికి ఉబుకుతుంది. దాన్ని మళ్ళీ ముడవాలి. మేస్త్రి ఆ ఉబ్బు నడిమధ్యన రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడేదాకా మంట చూపిస్తాడు. వేడెక్కిన లోహం వ్యాపించబోతుంది, చుట్టూ ఉన్న చల్లని రేకు దాన్ని కదలనివ్వదు. అప్పుడు అడుగున డాలీ ఆనించి, పైన సుత్తితో నాలుగు దెబ్బలు తేలిగ్గా తట్టి, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. చల్లారుతూ ఆ చోటు బిగుసుకుంటుంది, సాగిన రేకు వెనక్కి వస్తుంది. మంట ఒక్క క్షణం ఎక్కువైతే రేకు చిల్లుపడుతుంది, దెబ్బ ఒకటి ఎక్కువైతే మళ్ళీ సాగుతుంది. పని అయ్యాక మేస్త్రి కళ్ళతో చూడడం ఆపి, అరచేతిని రేకు పొడవునా మెల్లగా జరుపుతాడు. చూపుకు దొరకని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

పగులుకూ ఇలాంటి ఉపాయమే ఉంది. పగులు కొసన సన్నని రంధ్రం వేస్తే అది అక్కడితో ఆగిపోతుంది. ఆపైన వెల్డింగ్ చేసి, వెనక చిన్న రేకు ముక్క అతికిస్తే బోల్టు దగ్గర బలం చేరుతుంది. ఇదంతా చేయించే బదులు లప్పం మెత్తి రంగు కొట్టిస్తే ఒక్క పూటలో అయిపోతుంది. కానీ దడ తగిలే చోట దళసరి లప్పం నిలవదు, కొన్నాళ్ళకే పెచ్చులూడుతుంది. వెంట్రుకవాసి లోపాలు కప్పడానికే లప్పం. గుంటలు పూడ్చడానికి సుత్తీ డాలీ ఉన్నాయి.

పాతది నిజంగానే పనికిరాకుండా పోతే కొత్తది ఎంచుకోవాలి. చాలామంది మొదట వెడల్పు చూస్తారు. చూడాల్సింది వంపు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. పాత 350 బుల్లెట్ ముందు టైరు 3.25-19. రిమ్ము 19 అంగుళాలు, టైరు ఎత్తు పైనా కిందా చెరో మూడుంబావు. మొత్తం ఇరవై అయిదున్నర అంగుళాలు. అంటే ఇరుసు నుంచి టైరు పైభాగం దాకా సుమారు 32 సెంటీమీటర్లు. దీని పక్కన మైసూరు జావాను పెట్టి చూడాలి. ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు తెచ్చి, 1996లో మూతపడింది. ఆ పాత జావా 250కి కూడా టైరు వెడల్పు మూడుంబావే, రిమ్ము మాత్రం 16 అంగుళాలు. ఇరుసు నుంచి టైరు పైదాకా 29 సెంటీమీటర్లకు లోపే. వెడల్పు ఒకటే అయినా వంపులో దాదాపు నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది. నిండుగా కిందికి దిగే జావా మడ్‌గార్డ్ మీద మనసుపడి దాన్ని బుల్లెట్‌కు బిగిస్తే కొసలు టైరును పట్టేస్తాయి. పట్టకూడదని పైకి లేపితే మధ్యలో గొడుగు తెరిచినట్టు ఖాళీ మిగులుతుంది. రేకును బలవంతంగా విప్పి వంపు తగ్గించబోతే పక్క అంచులు అలలు తేలతాయి.

అందుకే తెలిసినవాళ్ళు కొట్టుకు వట్టి చేతులతో వెళ్ళరు. పాత అట్టపెట్టె విప్పి, దాన్ని టైరు పక్కన ఆనించి, వంపు గీసుకుంటారు. రెండు సెంటీమీటర్లు అవతలగా ఇంకో గీత గీసి, ఆ గీత వెంబడి కత్తిరిస్తారు. ఆ అట్టముక్కను కొట్టులో మడ్‌గార్డ్ లోపల పెట్టి చూస్తే చాలు. పొడవునా అట్ట రేకును తాకుతుంటే వంపు కుదిరినట్టు. తర్వాత మడ్‌గార్డ్‌ను రెండు కొసల మీద చదునైన బల్లపై నిలబెట్టాలి. ఊగిందంటే రేకు మెలిపడి ఉందని అర్థం.

ఇక రేకు మందం. 18 గేజ్ రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ సుమారు 0.9. తేడా చూపుకు ఆనదు, చేతికి బరువులో తెలుస్తుంది. పల్చటి రేకు ఎంత అందంగా ఉన్నా బుల్లెట్ దడకు బోల్టుల దగ్గర తొందరగా చిరుగుతుంది. రంధ్రాలు వేయకుండా అమ్మే మడ్‌గార్డ్ దొరికితే అదే మేలు. వేరే ఫోర్కుకు వేసిన రంధ్రాలను సాగదీసి సరిపెట్టుకునే కంటే, తన బండి ఫోర్కును బట్టి కొత్తవి వేసుకోవచ్చు. డిస్క్ బ్రేకు ఫోర్కుల కోసం చేసినవి పాత డ్రమ్ము బ్రేకు ఫోర్కులకు నేరుగా కుదురుతాయని అనుకోవద్దు.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుకు లొంగదు, కానీ డ్రిల్లుకూ అంత తేలిగ్గా లొంగదు. దాని మెరుపు వెనక మడ్‌గార్డ్ రంగుతో కలవదు. ఫైబర్ తేలిక, సొట్ట పడదు, బోల్టు దగ్గర మాత్రం పగులుతుంది. రోజూ తిరిగే బండికి ఈ రెండూ తప్పేమీ కాదు. యాభై ఏళ్ళ నాటి రూపం నిలబెట్టాలనుకునే బండికి మాత్రం ఇనప రేకే తగును.

క్రోమ్ వేయించాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోవాలి. పైన కనిపించే క్రోమియం పొర మైక్రాను కన్నా పల్చన. అసలు కాపలా దాని కింది నికెల్‌ది. కిందున్న రేకులో గుంట ఉంటే క్రోమ్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. పాత రేకును నునుపు చేసే పాలిష్‌లో కొంత లోహం అరిగిపోతుంది కూడా.

బిగించేటప్పుడు మంచి మేస్త్రి చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. నీళ్ళ గొట్టాన్ని మూరెడు మూరెడు ముక్కలుగా కోసి, టైరు మీద పొడవునా పరిచి దారంతో కడతాడు. దానిమీద మడ్‌గార్డ్‌ను బోర్లిస్తాడు. గొట్టం మందమెంతో సందు అంతే, అన్నిచోట్లా సమానంగా. రేకు కదలకుండా టేపు చుట్టి, అప్పుడు కడ్డీల రంధ్రాలకు గుర్తులు పెడతాడు. డ్రిల్లు చేతిలోకి వచ్చేది ఆ తర్వాతే.

ఈ మడ్‌గార్డ్‌కు ఇంకో బాధ్యత కూడా ఉంది. బుల్లెట్‌లో అది ఫోర్కు కింది కాళ్ళను పట్టుకుని చక్రంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది. దాని లోపలి బ్రిడ్జి రెండు కాళ్ళనూ కలిపి ఉంచుతుంది. రంధ్రాలు కుదరక కాళ్ళను దగ్గరికి లాగి బోల్టు బిగిస్తే ఫోర్కు బిగుసుకుపోతుంది, గుంట వచ్చినప్పుడు చేతులకు దెబ్బ తెలుస్తుంది. అందుకే మొదట బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, హ్యాండిల్ పట్టుకుని ముందుభాగాన్ని నాలుగుసార్లు గట్టిగా కిందికి నొక్కాలి. కాళ్ళు వాటంతట అవి సర్దుకున్నాక ఒక్కో బోల్టునూ బిగించాలి. ఎక్కడైనా చోటు మిగిలితే వాషర్లతో నింపాలి గానీ రేకును వంచకూడదు.

రెండు సెంటీమీటర్ల సందు తారురోడ్డుకు చాలు. నల్లరేగడి నేలలో అది చాలదు. కర్నూలు, ఆదిలాబాద్ చేల గట్ల మీద వానాకాలం బండి తోలినవాళ్ళకు ఇది బాగా తెలుసు. బంకమట్టి టైరును చుట్టి, మడ్‌గార్డ్‌లో కూరుకుని చక్రాన్ని ఆపేస్తుంది. దిగి కర్రపుల్లతో గీకితే గానీ కదలదు. అలాంటి ఊళ్ళో తిరిగే బండికి సందు ఇంకాస్త పెంచడమే సరైన పని.

నంబరు ప్లేటు సంగతి కూడా ముందే ఆలోచించాలి. ఇంగ్లండులో వెనకటి బండ్లకు మడ్‌గార్డ్ నెత్తిన కత్తిలా నిలబడే ప్లేటు ఉండేది, అక్కడ 1975లో ముందు ప్లేటు నిబంధన తీసేశారు. మన దగ్గర 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ముందు నంబరు హ్యాండిల్‌కు సమాంతరంగా, ఎదుటివారికి కనిపించాలంటాయి. పాత పద్ధతి ప్లేటుకున్న రంధ్రాలు పాత మడ్‌గార్డ్‌లో కనిపిస్తే వాటిని పూడ్చేయకుండా ఉంచడం మంచిది. అది ఆ బండి వయసు చెప్పే గుర్తు.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించడానికి రుసుము 20,000 రూపాయలు. అసలు రూపం అన్న మాటకు విలువ ఇప్పుడు కాగితం మీద కూడా ఉంది. పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫివా ఖాయం చేసిన ట్యూరిన్ చార్టర్ కూడా కొత్తగా మెరిపించడం కన్నా ఉన్నదాన్ని కాపాడడానికే పెద్దపీట వేసింది. మార్చిన భాగాన్ని తర్వాతివాళ్ళు గుర్తుపట్టేలా ఉంచాలన్నది అందులోని ఆలోచన. కొత్త మడ్‌గార్డ్ లోపలి వైపు, రంగు వేసేముందు, మార్చిన సంవత్సరాన్ని చిన్న అక్షరాలతో కొట్టించడానికి నిమిషం పట్టదు.

విప్పిన పాత రేకును పారేయకుండా, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాలి. ఇంకో బండి మీద పనిచేసే మేస్త్రికి వంపు చూసుకోవడానికి అంతకు మించిన కొలత దొరకదు. కొత్తది ఎక్కిన బండిని వంద కిలోమీటర్లు నడిపాక మళ్ళీ స్టాండ్ వేసి, స్పానరు తీసుకుని, కడ్డీల బోల్టులు ఒక్కొక్కటీ మరోసారి చూసుకోవాలి. కొత్త రంగు వాషర్ల కింద నలిగి, బోల్టులు కొద్దిగా వదులై ఉంటాయి.