చేతికి రాని ముక్కల లెక్క

2003, లాస్ వేగస్. పోకర్ ప్రపంచ సిరీస్ ఫైనల్లో ఇద్దరే మిగిలారు. టెనెస్సీ నుంచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీన్ ఏడు. ఎదురుగా శామీ ఫర్హా, చెయ్యి తిరిగిన ఆటగాడు. బల్ల మీద ఇస్పేటు తొమ్మిది, డైమండ్ రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది పరిచి ఉన్నాయి. ఇంకా ఒక్క ముక్క రావాలి. ఫర్హా 3 లక్షల చిప్స్ పందెం వేశాడు. మనీమేకర్ దాన్ని 8 లక్షలకు పెంచాడు.

అప్పటికి ఆయనకు ఒక్క జత కూడా పడలేదు. మరి ఏ ధైర్యంతో పెంచాడు? లెక్కపెట్టి చూద్దాం. ఇస్పేట్లు మొత్తం 13. నాలుగు కనబడుతున్నాయి, మిగిలినవి 9. అందులో ఏది పడినా ఒకే గుర్తువి ఐదు, అంటే ఫ్లష్. 6, 7, 8, 9 వరసగా ఉన్నాయి కాబట్టి ఐదు పడినా పది పడినా సీక్వెన్స్. అవి ఎనిమిది. అయితే ఇస్పేటు ఐదు, ఇస్పేటు పది ముందే లెక్కలోకి వచ్చాయి, కొత్తవి ఆరే. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఈ తీసివేత దగ్గరే. మొత్తం 15. వీటినే అవుట్స్ అంటారు. ఆయనకు కనబడని ముక్కలు 46. అంటే అవకాశం మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ. బల్ల దగ్గర భాగహారం చేసే తీరిక ఉండదు కాబట్టి అవుట్స్‌ను రెండుతో గుణిస్తారు, శాతం దాదాపుగా వచ్చేస్తుంది. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకుని ఆడే మనవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది.

ఎదుటివాడు ముక్కలు దించేసి తప్పుకుంటే అప్పుడే గెలుపు, దించకపోయినా ముక్క పడితే గెలుపు. రెండు దారులున్న ఈ ఎత్తుకు సెమీ బ్లఫ్ అని పేరు పెట్టినవాడు డేవిడ్ స్క్లాన్‌స్కీ.

ఫర్హా దించలేదు. ఐదో ముక్క ఆఠీన్ మూడు. పదిహేను అవుట్స్ సున్నా అయ్యాయి. ఫర్హా పందెం వేయకుండా ఊరుకున్నాడు. మనీమేకర్ తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు.

ఇక్కడి లెక్క వేరు. బల్ల మధ్యలో పోగైన పందెం 100 ఉన్నప్పుడు, చేతిలో ఏమీ లేకుండా 50 వేసి బ్లఫ్ చేస్తే, రెండుసార్లు దొరికిపోయి ఒక్కసారి నెగ్గినా పోయిన 100 తిరిగొస్తుంది. మూడింట ఒకసారికన్నా ఎక్కువగా ఎదుటివాడు దించేస్తేనే లాభం. మధ్యలో ఉన్నంతా వేస్తే సగానికి సగంకన్నా ఎక్కువ సార్లు దించాలి. ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, గెలిచే చెయ్యి అదే. చాలాసేపు ఆలోచించి దించేశాడు. బల్ల మీద మూడు ఇస్పేట్లు, అంతకుముందే ఒక పెంపు! ఫ్లష్ ఉందంటే నమ్మక తప్పని పరిస్థితి. అందరూ ఆ చివరి పందేన్నే చెప్పుకుంటారు. నా దృష్టిలో అసలు పనితనం దాని ముందు పందెంలోనే ఉంది.

ఆన్‌లైన్లో డబ్బు పెట్టి పోకర్ ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. లెక్క నేర్చుకోవడానికి డబ్బెందుకు, పేకకట్ట ఒకటుంటే చాలు. మనీమేకర్ చేతిలోని రెండు, బల్ల మీది మొదటి నాలుగు, ఆ ఆరు ముక్కలూ పక్కన పెట్టి, మిగతా 46 బాగా కలిపి, పైముక్క తిప్పండి. వందసార్లలో ఎన్నిసార్లు గెలిపించే ముక్క పడిందో కాగితం మీద గీతలు పెట్టుకోండి.