బడి బయటి పిల్ల ఫ్రేములో ఉందా?

బడిపిల్లలు బాలల హక్కుల మీద సినిమా తీస్తున్నారంటే సంతోషమే. కానీ బడికి రాలేని పిల్ల అందులో ఎక్కడుంది? నంద్యాల, ఆళ్ళగడ్డలు 2022 దాకా కర్నూలు జిల్లావే. ఆ జిల్లా సంకర పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టుకున్నారని 2000ల నాటి అధ్యయనాలు చెప్పాయి. సాయంత్రం మొగ్గలో కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు పుప్పొడి అద్దాలి. పుప్పొడి అద్దే వేళా బడిగంట వేళా ఒకటే. 'చిన్న వేళ్ళు, నెమ్మదైన పిల్లలు' అన్న మెప్పు వెనక ఉన్నది తక్కువ కూలి.

2016 చట్టసవరణ, బడి అయ్యాక ఇంటివాళ్ళకు పిల్లలు సాయం చేయొచ్చంది. ఆడపిల్ల చాకిరీకి మన ఇళ్ళల్లో ఎప్పట్నించో ఉన్న పేరు అదే కదా! నినాదంతో ముగిసే సినిమా ఆ 'సాయం' జోలికి పోదు. దాన్ని ప్రశ్నించాలంటే కథ చెప్పేవాళ్ళలో ఆ పిల్ల కూడా ఉండాలి.