ముక్కు ఒకవైపు, ప్రయాణం ఇంకోవైపు

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే వీడియో గేమ్‌లో బ్రేకు మీట ఉంది. కీబోర్డు మీద ‘బీ’ నొక్కితే పడుతుంది. అయితే అది రన్‌వే మీద దిగే విమానాలకీ, చక్రాల బండ్లకీ మాత్రమే. రాకెట్ గాలిపొర దాటిందా, ఇక దాన్ని ఎంతసేపు నొక్కినా ఫలితం సున్నా. కారు గేములు ఆడి వచ్చినవాళ్ళకి చిరాకు మొదలయ్యేది ఇక్కడే. ఇంజిను ఆపేశాం, ఓడ పోతూనే ఉంది. ముక్కు వెనక్కి తిప్పాం, అయినా ముందుకే పోతోంది. గేమ్ పాడైందేమోనని అనుమానం. గేమ్ బాగానే ఉంది. న్యూటన్ మొదటి సూత్రాన్ని బళ్ళో గడగడా అప్పజెప్పినవాళ్ళమే, దానిమీద ఎక్కి కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ఈ గేమ్ పుట్టింది మెక్సికో సిటీలో. తయారుచేసిన స్క్వాడ్ కంపెనీ అసలు వ్యాపారం గేములు కాదు, మార్కెటింగ్. అందులో పనిచేసే ఫెలీపె ఫలాంగేకి చిన్నతనంలో తగరపు కాగితంతో బొమ్మలు చేసి టపాకాయలతో పైకి పంపే సరదా ఉండేది. ఆ బొమ్మలే పెద్ద కళ్ళ ఆకుపచ్చ ‘కెర్బల్’లుగా గేమ్‌లోకొచ్చాయి. గేమ్ 2011 జూన్‌లో తొలిసారి జనంలోకి వచ్చి, 2015 ఏప్రిల్‌లో పూర్తిస్థాయి రూపం సంతరించుకుంది. కెర్బల్‌లలో జెబెదయా అనేవాడు రాకెట్ పేలబోతున్నా పళ్ళికిలిస్తూనే ఉంటాడు. వాడి ముఖం చూసి పరిస్థితి అంచనా వేయకూడదన్నది ఆటగాళ్ళందరికీ తెలిసిన సంగతే.

కంప్యూటర్ మీద వ్యోమనౌక నడిపే సరదా దీనికంటే చాలా పాతది. 1969లో, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన కొన్ని నెలలకే, జిమ్ స్టోరర్ అనే అమెరికన్ హైస్కూలు విద్యార్థి చంద్రుడి మీద దిగే ఆట రాశాడు. అందులో బొమ్మల్లేవు. 10 సెకన్లకోసారి ఎంత ఇంధనం మండించాలో ఒక అంకె టైపు చేయడమే. 1979లో అటారీ సంస్థ ఇదే ఆటకు గీతల బొమ్మలు, థ్రాటిల్ మీట జోడించి ఆటశాలల్లో పెట్టింది. 1984లో బ్రిటన్‌లో వచ్చిన ‘ఎలైట్’ మాత్రం ఆటగాడి మీద జాలిపడింది. అందులో ముక్కు ఎటుంటే ఓడ అటే పోతుంది. 1993లో దాని తరువాయి భాగం న్యూటన్ లెక్క ప్రకారం నడిచేసరికి, పాత అభిమానుల్లో చాలామందికి యుద్ధాలు చేయడం చేతకాలేదు. అప్పటినుంచీ అంతరిక్ష గేములకు రెండు దారులు. ఒకటి ఆకాశంలో విమానం నడిపిస్తుంది, రెండోది నిజంగా అంతరిక్షంలోనే వదిలిపెడుతుంది. కెర్బల్ రెండో దారి. నా ఓటు కూడా దానికే.

మీటల సంగతికొస్తే, చూడగానే బెదరాల్సిన పనిలేదు. డబ్ల్యూ, ఎస్ ముక్కును కిందికీ పైకీ వంచుతాయి. ఏ, డీ పక్కలకు తిప్పుతాయి. ‘క్యూ’, ‘ఈ’లు ఓడను తన చుట్టూ తాను పొర్లిస్తాయి. షిఫ్ట్ ఇంజిను జోరు పెంచుతుంది, కంట్రోల్ తగ్గిస్తుంది. జెడ్ నొక్కితే ఒక్కసారిగా పూర్తి జోరు, ఎక్స్ నొక్కితే ఠక్కున ఆగుతుంది. టీ నొక్కితే ఓడ ఊగకుండా నిలబెట్టే ఎస్ఏఎస్ పనిచేస్తుంది. స్పేస్‌బార్ దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మొదటి నొక్కుకి ఇంజిను అంటుకుంటుంది, తర్వాతి నొక్కుకి కింది అంచె ఊడిపోతుంది. అందులో ఇంధనం ఉందా లేదా అని అది అడగదు. అందుకే కక్ష్యలో ఉన్నప్పుడు ఆల్ట్, ఎల్ కలిపి నొక్కి దానికి తాళం వేసేస్తారు. ఇంకో మంచి అలవాటు క్యాప్స్ లాక్. అది నొక్కితే మూలనున్న నారింజ రంగు సూచికలు నీలంలోకి మారతాయి. ఇక ప్రతి తోపూ నెమ్మదిగా, సన్నగా పడుతుంది.

ఇవన్నీ ఒక సాయంత్రంలో గుర్తుంటాయి. చేతికి పట్టుబడాల్సిన అసలు వస్తువు తెర అడుగున మధ్యలో ఉండే నావ్‌బాల్. సగం నీలం, సగం గోధుమరంగు గోళం. నీలం ఆకాశం, గోధుమరంగు నేల. గోళం నడుమ కదలకుండా ఉండే గుర్తు మన ముక్కు. గోళం మీద తేలుతూ తిరిగే పసుపుపచ్చ వలయం మనం నిజంగా పోతున్న దిశ, దాని పేరు ప్రోగ్రేడ్. దానికి సరిగ్గా వెనకవైపు, అడ్డగీతతో ఉండేది రెట్రోగ్రేడ్. కొత్తవాళ్ళు కళ్ళు రాకెట్ బొమ్మ మీదే పెట్టి మీటలు నొక్కుతారు. చేయి తిరిగినవాళ్ళు రాకెట్‌ని దాదాపుగా చూడరు, గోళాన్ని చూస్తారు. ముక్కు గుర్తుకీ పసుపు వలయానికీ మధ్య ఎంత దూరం ఉంది, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే వాళ్ళ చూపంతా. వేగం తగ్గించాలంటే ముక్కును రెట్రోగ్రేడ్ మీదికి తెచ్చి ఇంజిను వెలిగించాలి. మనం వెతికిన బ్రేకు అదే.

నేల నుంచి లేచేటప్పుడు ఇదే గోళం దారి చూపిస్తుంది. కక్ష్యలోకి వెళ్ళడమంటే ఎత్తుకు వెళ్ళడమని చాలామంది అనుకుంటారు. ఎత్తు చిన్న సమస్య. గేమ్‌లోని కెర్బిన్ గ్రహానికి గాలిపొర 70 కిలోమీటర్ల వరకే. నిట్టనిలువుగా అంత ఎత్తు పోవడం తేలికే, కాకపోతే అంతే తేలిగ్గా మళ్ళీ కిందపడతాం. పడకుండా చుట్టూ తిరగాలంటే పక్కకు సెకనుకు సుమారు 2,300 మీటర్ల వేగం కావాలి. అందుకే వేగం సెకనుకు 100 మీటర్లు అందుకోగానే ‘డీ’ని సుతారంగా తాకి రాకెట్‌ని కొద్దిగా తూర్పుకు ఒరగనిస్తారు. ఆ తర్వాత వంచే పని గురుత్వాకర్షణే చూసుకుంటుంది. ముక్కును పసుపు వలయాన్ని వదలకుండా ఉంచితే చాలు. 10 కిలోమీటర్ల ఎత్తుకు సుమారు 45 డిగ్రీలు వాలి ఉంటే దారి బాగున్నట్టే. తొందరపడి ఒక్కసారిగా వంచితే గాలి ముక్కును పట్టి తిప్పేస్తుంది, రాకెట్ పిల్లిమొగ్గలేస్తుంది.

తూర్పుకే ఎందుకంటే గ్రహం అటే తిరుగుతోంది కాబట్టి కొంత వేగం ఉచితంగా దొరుకుతుంది. గేమ్‌లోని ప్రయోగ కేంద్రం తూర్పు తీరాన, భూమధ్యరేఖ మీద ఉండేది అందుకే. మన శ్రీహరికోట బంగాళాఖాతం అంచున ఉండటంలోనూ ఈ లెక్క ఉంది. అక్కడి అక్షాంశం దగ్గర భూభ్రమణం ఇచ్చే వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. పైగా రాలిపడే అంచెలు ఊళ్ళ మీద కాకుండా సముద్రంలో పడతాయి. ధ్రువకక్ష్యకు దక్షిణంగా వెళ్ళే పీఎస్ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకుండా దారి వంచుకోవాల్సి వస్తుంది. ఆ వంపుకయ్యే ఇంధనం ఎంత విలువైనదో గేమ్‌లో ఒకసారి కక్ష్య వాలు మార్చడానికి ప్రయత్నిస్తే తెలిసొస్తుంది.

కక్ష్యలోకి చేరాక చేతి అలవాట్లే కాదు, బుర్రలో అలవాట్లూ తలకిందులవుతాయి. ఎమ్ నొక్కి మ్యాపు తెరిచి, ముక్కు ముందుకు పెట్టి ఇంజిను వెలిగిస్తే మనమున్న చోట కక్ష్య ఎత్తు మారదు, గ్రహానికి అవతలివైపు పెరుగుతుంది. ముందుపోతున్న ఓడను అందుకోవాలంటే వేగం పెంచకూడదు, తగ్గించాలి. తగ్గిస్తే కిందికి దిగుతాం. కింది కక్ష్య చిన్నది, పైగా అక్కడ వేగమూ ఎక్కువ. గర్భాలయాన్ని ఆనుకుని ప్రదక్షిణ చేసేవాడు మాడవీధుల్లో తిరిగేవాడికంటే ముందే చుట్టు ముగించినట్టు, కింది ఓడ పై ఓడను దాటిపోతుంది. ఇది ఆటగాళ్ళనే కాదు, వ్యోమగాములనూ ఇబ్బంది పెట్టింది. 1965 జూన్‌లో జెమిని 4లో జేమ్స్ మెక్‌డివిట్ తన రాకెట్ చివరి అంచెకు దగ్గరగా వెళ్ళాలని దానివైపు ముక్కు తిప్పి తోశాడు. తోసేకొద్దీ అది దూరమైంది. ఇంధనం కరిగిపోతుంటే ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే బజ్ ఆల్డ్రిన్ ఎంఐటీలో కక్ష్యలో ఓడలు కలుసుకునే పద్ధతి మీదే పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నాడు. చివరికి 1966 మార్చిలో జెమిని 8తో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ తొలిసారి రెండు వాహనాలను కలిపారు.

గేమ్‌లోనూ పరాకాష్ఠ రెండు ఓడలను కలిపే ఈ డాకింగే. దగ్గరికి చేరాక వేగం సూచిక మీద నొక్కి ‘టార్గెట్’కి మారిస్తే, అది గ్రహంతో కాక అవతలి ఓడతో పోల్చి మన వేగం చెబుతుంది. గోళం మీద గులాబీ రంగు గుర్తు కనిపిస్తుంది, అవతలి ఓడ అటే ఉంది. మొదట ఆ వేగాన్ని సున్నాకు దించాలి. తర్వాత ఆర్ నొక్కితే ఓడ చుట్టూ ఉన్న చిన్న చిన్న జెట్లు సిద్ధమవుతాయి. హెచ్ ముందుకు, ఎన్ వెనక్కి. జే, ఎల్ ఎడమకీ కుడికీ. ఐ, కే నిలువుగా. ఇప్పుడు ముక్కు కదపకుండానే ఓడ పక్కకి జరుగుతుంది. పసుపు వలయం గులాబీ గుర్తుకి కుడిగా జారితే జే మీద చిన్న తట్టు తట్టాలి, అది నెమ్మదిగా వెనక్కొస్తుంది. రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చునేలా కాపాడుకుంటూ, చివరి కొన్ని మీటర్లలో సెకనుకు 0.2 లేదా 0.3 మీటర్లకు మించకుండా సాగాలి. చాలామంది తొందరలో దీన్ని పాడుచేసుకుంటారు. ఈ ఘట్టంలో మీట నొక్కకుండా ఊరుకోవడం కూడా ఒక నైపుణ్యమే.

2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను ఇస్రో 2025 జనవరి 16న కలిపింది. దానికి నాలుగు రోజుల ముందు వాటిని 15 మీటర్లకు, ఆపై 3 మీటర్లకు తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపి సమాచారం పరిశీలించారు. ఆ వార్త చదివి, అంత దగ్గరకొచ్చి వెనక్కి ఎందుకని విసుక్కున్నవాళ్ళున్నారు. ఈ గేమ్ ఆడినవాళ్ళు విసుక్కోలేదు. అక్కడ జాయ్‌స్టిక్ పట్టుకున్న మనిషి లేడు, సెన్సర్లూ కంప్యూటరూ దారి చూసుకున్నాయి. నిజమే, గేమ్ చాలా లెక్కల్ని తేలిక చేసింది. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, ఒక సమయంలో ఒక్క గోళమే మనల్ని లాగుతుంది. చెడిపోతే ఎఫ్9 పట్టుకుంటే ఎఫ్5తో దాచుకున్న క్షణానికి తిరిగెళ్ళొచ్చు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఆ సౌకర్యం లేదు. ఇక మెక్‌జెబ్ అనే అదనపు హంగు తగిలిస్తే డాకింగ్ కూడా దానంతటదే జరిగిపోతుంది. చేతితో ఒకసారి కలపడం వచ్చాక అది వాడుకుంటే తప్పులేదు. ముందే వాడితే, గోళం మీద ఆ వలయం ఎందుకు కదులుతోందో చూసే పనే పడదు.

రెండు ఓడలూ ఠక్కుమని అతుక్కున్నాక కొత్త చిక్కు మొదలవుతుంది. గేమ్‌కి ఇప్పుడవి ఒకే ఓడ. ఏ ముక్కును అసలు ముక్కుగా తీసుకోవాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే నావ్‌బాల్ పక్కకు తిరిగి ఉండి, డబ్ల్యూ నొక్కితే ఓడ ఎటో వంగుతుంది. ఇంజిను ఉన్న ఓడలోని గది మీద కుడి క్లిక్ చేసి ‘కంట్రోల్ ఫ్రమ్ హియర్’ ఎంచుకుంటే గోళం సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా జెడ్ జోలికి పోకుండా షిఫ్ట్‌తో కొద్దికొద్దిగా జోరు పెంచాలి, అతుకు ఊగుతుంటే అక్కడే ఆపాలి.